రైతు బజారుకు మొదటిసారి వెళ్తున్నారా?



కూరగాయల ధర మాటకు రాని ఇల్లు మన తెలుగునాట ఉండదు. టమాటా కిలో వంద దాటిందంటే పత్రికల్లో మొదటి పేజీ వార్త. అదే టమాటా రెండు మూడు రూపాయలకు పడిపోయి, కోత కూలి కూడా గిట్టక రైతు గంపలు గంపలుగా రోడ్డు పక్కన పారబోస్తే లోపలి పేజీలో ఒక ఫొటో. కొనేవాడికి మంట, పండించేవాడికి కన్నీళ్లు. ఈ రెండింటి నడుమ ఏం జరుగుతోందో కళ్లతో చూడాలంటే ఒక తేలిక మార్గం ఉంది. ఒకనాటి ఉదయం సంచి పట్టుకుని దగ్గర్లోని రైతు బజారుకు వెళ్లిరండి.

పాతికేళ్లుగా ఉన్న బజారుకు కొత్తగా వెళ్లేదేమిటి అంటారేమో. కానీ మన నగరాల్లో ఆ గేటు లోపల అడుగుపెట్టనివారు చాలామందే ఉన్నారు. ఉద్యోగం కోసం కొత్తగా ఊరు మారినవారు, ఫోను నొక్కితే గుమ్మం ముందుకు కూరలొచ్చే రోజుల్లో కాపురం పెట్టిన పిల్లలు, వారానికోసారి చల్లని దుకాణంలో ప్లాస్టిక్ కవర్లలో చుట్టిన బీన్సు తెచ్చుకునేవారు. ఈ ప్రసంగం ముఖ్యంగా వారి కోసం.

గేటు దాటగానే తిన్నగా కూరల దగ్గరికి వెళ్లకండి. ముందు ధరల బోర్డు చదవండి. కొన్నిచోట్ల నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసి ఉంటుంది, కొన్నిచోట్ల విద్యుత్ అక్షరాల్లో వెలుగుతుంటుంది. వంకాయ, బెండ, దొండ, బీర, కాకర, ఆనప, పచ్చిమిర్చి, ఒక్కొక్కదాని ఎదురుగా ఆ రోజు కిలో ధర. తూర్పు జిల్లాల్లో ఆనపకాయ అంటే, తెలంగాణలో అదే సొరకాయ, ఆనిగెపుకాయ. పేరు ఏదైనా, ఆ బజారులో ఆ పూట దాని ధర ఒక్కటే. మొదటి వరసలో ఒక ధర, చివరి వరసలో ఇంకో ధర ఉండకూడదు. బేరం చేతకాని కొత్తవాడికీ, బేరంలో ఆరితేరిన గృహిణికీ ఒకే ధర. నా మటుకు నాకు రైతు బజారులో అన్నిటికంటే విలువైన సరుకు ఆ బోర్డే అనిపిస్తుంది.

ఆ అంకెలు ఎలా వస్తాయో చూద్దాం. ప్రతి రైతు బజారుకూ ఒక ఎస్టేట్ అధికారి ఉంటారు. మార్కెటింగ్ శాఖ మనిషి. దగ్గర్లోని హోల్‌సేలు మార్కెట్లో ఆ పూట ధరలు తెలుసుకుని, రైతుల ప్రతినిధులతో మాట్లాడి ఆ రోజు ధర నిర్ణయిస్తారు. బజార్లు పెట్టిన తొలినాళ్ల నుంచి చెప్పుకుంటున్న లెక్క ఒకటుంది. హోల్‌సేలు ధర కంటే సుమారు 25 శాతం ఎక్కువ, బయటి చిల్లర ధర కంటే సుమారు 25 శాతం తక్కువ. మాటవరసకు, హోల్‌సేలులో కిలో బెండకాయలు 20 రూపాయలు, వీధి చివర 40 రూపాయలు అనుకుందాం. ఇరవైకి పాతిక శాతం కలిపితే 25. నలభైలోంచి పాతిక శాతం తీసేస్తే 30. బోర్డు మీది ధర ఆ 25కూ 30కీ మధ్య ఉండాలి. అంటే హోల్‌సేలు మార్కెట్లో వచ్చేదానికంటే రైతుకు కిలోకు అయిదు రూపాయలైనా ఎక్కువ ముడుతుంది. వీధిలో కొనేదానికంటే మీకు పది రూపాయలైనా మిగులుతుంది.

రైతుకు పెరిగి, మనకూ తగ్గడం ఎలా కుదిరింది? మామూలుగా చేను నుంచి మన గిన్నె దాకా కూరగాయ నాలుగైదు చేతులు మారుతుంది. ఊళ్లో గంపగుత్తగా కొనేవారు, మార్కెట్లో కమీషన్ ఏజెంటు, టోకు వ్యాపారి, చిల్లర వర్తకుడు. మధ్యలో హమాలీ, లారీ కిరాయి, తూకంలో తరుగు. రిజర్వు బ్యాంకు పరిశోధకులు 2024లో వెలువరించిన పత్రం ఒకటి ఈ లెక్క తేల్చింది. టమాటా కోసం మనం ఇచ్చే రూపాయిలో రైతుకు చేరేది దాదాపు 33 పైసలు. ఉల్లిపాయలకైతే 36 పైసలు, బంగాళాదుంపలకు 37 పైసలు. మిగతాదంతా దారిలోనే ఖర్చవుతుంది, లేదా దారిలోనే ఎవరికో మిగులుతుంది.

అలాగని మధ్యనున్నవారందరినీ దోచుకునేవారని తిట్టిపోయడం న్యాయం కాదు. వీధుల్లో బండి తోసుకు తిరిగే మనిషి ఎండకు ఎండుతాడు, వాడిపోయిన సరుకు నష్టం తానే భరిస్తాడు. వాళ్లు చేసే పనికి విలువ ఉంది. రైతు బజారులో ఆ పని మాయమైపోలేదు. మొయ్యడం, తెచ్చుకోవడం, పొద్దస్తమానం కూర్చుని అమ్మడం, ఇవన్నీ రైతే తన భుజాన వేసుకున్నాడు. అక్కడ అతనికి ఎక్కువ ముట్టే ఆ అయిదు రూపాయలు ఎవరి దయా కాదు, అతని శ్రమకు కూలి.

ఈ ఏర్పాటు మొదలైంది 1999లో. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం ఆ ఏడాది జనవరి 26న రైతు బజార్లకు శ్రీకారం చుట్టింది. అంతకు పన్నెండేళ్ల ముందే, 1987లో, పంజాబ్‌లో అప్నీ మండీలు వచ్చాయి. మన తర్వాత అదే 1999 నవంబరు 14న తమిళనాడు ప్రభుత్వం మదురైలో ఉళవర్ సందైలకు తలుపులు తెరిచింది. ఇటు హైదరాబాదులో మెహిదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, సరూర్‌నగర్, ఫలక్‌నుమా, అటు విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం, గోపాలపట్నం. ఈ పేర్లు చెప్పగానే అక్కడివారికి ముందు గుర్తొచ్చేది రైతు బజారే. ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రం రెండయింది. రైతు బజారు మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ నిలిచింది. ఒక ప్రభుత్వ పథకం జనంలో ఇంతకాలం బతకడం మామూలు సంగతి కాదు.

బోర్డు చదివారు కదా, ఇక లోపలికి పదండి.

లోపల కూర్చున్నవారంతా రైతులేనా? మొదటిసారి వెళ్లినవారు తప్పక వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. నియమం ప్రకారం అమ్మే రైతుకు ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఉండాలి. అతని ఊరు, భూమి, వేసే పంటలు అధికారులు చూసి ఆ కార్డు ఇస్తారు. తాను పండించినదే తాను అమ్మాలి. దుకాణానికి అద్దె లేదు. ఈ వెసులుబాటు ఉన్నచోట దొడ్డిదారిన దూరేవారూ ఉంటారు. రైతు పేర కార్డు, కూర్చునేది వ్యాపారి. రైతు బజార్ల మీద ఏళ్ల తరబడి వినిపిస్తున్న ఫిర్యాదు ఇదే.

అసలు రైతును పోల్చుకోవడానికి పెద్ద విద్య అక్కర్లేదు. అతని ముందు రెండు మూడు రకాలకు మించి ఉండవు. అరెకరంలోనో ఎకరంలోనో పండించేవాడి దగ్గర ఒక గంపలో వంకాయలు, ఒక గోనెలో బెండకాయలు, పక్కన నాలుగు కట్టల తోటకూర ఉంటాయి. కాయలన్నీ ఒకే కొలతలో ఉండవు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి వంకర. క్యారెట్టు, బీట్‌రూటు, క్యాప్సికం, క్యాబేజీ, చేమదుంప, అల్లం, అన్నీ రంగుల వరసలో తీర్చి పెట్టి ఉంటే, అంత వైవిధ్యం ఒక్క చేలో పండదని మీకే తెలుస్తుంది. అయితే తొందరపడి నిందించకండి. చుట్టుపక్కల పండని ఉల్లి, బంగాళాదుంప వంటివి బయటి నుంచి తెచ్చి అమ్మడానికి డ్వాక్రా మహిళా సంఘాలకూ మరికొందరికీ విడిగా దుకాణాలు ఇస్తుంటారు. అవి ఏవో, రైతుల వరసలు ఏవో అడిగితే ఎవరైనా చెబుతారు.

ఎంవీపీ కాలనీ బజారులో ఒక పెద్దావిడతో మాట కలిపాను. ముందు గంపలో ముళ్ల వంకాయలు, తడిగోనె మీద గోంగూర కట్టలు. వేళ్లకు ఎర్రమట్టి ఇంకా తడిగానే ఉంది. ఎక్కడి నుంచమ్మా అంటే, "పద్మనాభం దరి తల్లీ. నిన్న పొద్దుగూకినాక కోసీసినాం, చీకటితోనే బయల్దేరీసినాం" అంది. మరి మీ ఆయన రాలేదా అని అడిగాను. "ఇద్దరం ఇక్కడ కూకుంటే సేనికి నీరెవలు కడతారు?" అని నవ్వింది.

ఆ మాటలో రైతు బజారు కష్టమంతా ఉంది. గంపెడు కూర అమ్మడానికి ఇంట్లో ఒక మనిషి రోజంతా అక్కడ కూర్చోవాలి. ఇల్లాలు బజారుకు వస్తే ఇంటాయన చేలో ఉండాలి. ఇద్దరే ఉన్న కుటుంబానికి జబ్బు చేసినా, నాట్లు పడినా ఆ రోజు బజారు మానుకోవాల్సిందే. ఆవిడ ఇచ్చిన వంకాయలకు ముచ్చిక పచ్చగా, ముళ్లు గరగరలాడుతూ ఉన్నాయి. వంకాయ తాజాదనానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

కొనడంలో కొన్ని చిన్న మెలకువలు చెబుతాను. బెండకాయ కొస విరిచి చూడటం మనకు అలవాటు. ఒకటీ రెండూ చూడండి, గంపంతా విరిచిపోకండి. విరిచింది ఇంకొకరు కొనరు, ఆ నష్టం రైతుదే. ఆనపకాయ మీద గోరు గుచ్చడమూ అంతే. లేతదా ముదురుదా అని నోరు తెరిచి అడగండి. పండించినవాడికి ఏ కాయ ఏనాటిదో తెలుసు. ఆకుకూర కొనేటప్పుడు వేళ్లు చూడండి. తడిమట్టి ఉంటే తాజాగా పీకినది. నిగనిగలాడే కాయనే ఏరుకోవాలన్న పట్టుదల వద్దు. చిక్కుడుకాయ మీద చిన్న మచ్చ ఉంటే వండేటప్పుడు ఆ ముక్క తీసేస్తే సరిపోతుంది.

తూకం మీద అనుమానం వస్తే గొడవ పడక్కర్లేదు. కాటాలకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. ఎస్టేట్ అధికారి కార్యాలయం ఆవరణలోనే ఉంటుంది. అక్కడికి తీసుకెళ్లి మళ్లీ తూయించమనండి. బోర్డు మీద ఒక ధర, గంప దగ్గర ఇంకో ధర చెప్పినా అక్కడే చెప్పండి. ఎవరూ అడగని బోర్డు కొన్నాళ్లకు ఉత్త అలంకారంగా మిగిలిపోతుంది.

ధర ఒకటే అయినప్పుడు బేరం రుచి పోయిందే అని బెంగ పడేవారికి ఒక ఊరట ఉంది. కొసరు ఇంకా బతికే ఉంది. కిలో వంకాయలు తూచాక పైన ఒక కాయ, కొత్తిమీర కట్టతో పాటు రెండు కరివేపాకు రెమ్మలు. అడిగితే ఇస్తారు, కొన్నిసార్లు అడక్కుండానే ఇస్తారు. మొదటిసారి వెళ్లినప్పుడు రాకపోవచ్చు. నాలుగు వారాలు ఒకే గంప దగ్గర కొనండి, మీ సంచి చూడగానే చెయ్యి దానంతట అదే కరివేపాకు వైపు వెళ్తుంది.

ఇంకొక లాభం ఏమిటంటే, ఏ నెలలో ఏ కూర తినాలో రైతు బజారే చెబుతుంది. ఫోనులో పన్నెండు నెలలూ అన్ని కూరలూ కనిపిస్తాయి. ఇక్కడ అలా కాదు. చలికాలంలో చిక్కుడు, టమాటా, కాలీఫ్లవరు పోగులు పడతాయి. సంక్రాంతి దగ్గర పడగానే గుమ్మడి, కంద, చిలగడదుంప. ఉగాదికి వేపపువ్వు, పుల్లమామిడి. ఎండలు ముదిరితే చింతచిగురు. మే నెల వచ్చిందంటే ఒక మూల ఆవకాయ సందడి. పెద్ద కత్తులు బిగించుకుని కూర్చున్నవారు, టెంక చీలేలా మామిడికాయలు కొట్టి ముక్కలు చేసి ఇస్తుంటారు. ఆషాఢంలో మునగాకు, వినాయక చవితికి పత్రి, కార్తికంలో ఉసిరి. వాన ముసురు పట్టినప్పుడు ఆకుకూరలు కుళ్లి ధర పెరుగుతుంది. జూన్, జూలైల్లో టమాటా దిగుబడి తగ్గి కొండెక్కుతుంది. విసుక్కోకుండా ఆ వారం చింతపండో, మామిడికాయో, గోంగూరో వేసుకుని వండిన అమ్మమ్మలు మనకు కొత్త కాదు కదా. కాలాన్ని బట్టి కొన్నవాడి ఖర్చు తగ్గుతుంది, కాలాన్ని బట్టి పండించిన రైతు సరుకూ అమ్ముడవుతుంది.

ఏ వేళ వెళ్లాలి? మంచి సరుకు కావాలంటే తెల్లవారి ఆరు, ఏడు గంటలకు. ఎండెక్కే కొద్దీ ఆకుకూర వాడుతుంది. చీకటి పడే వేళకు కొందరు ధర తగ్గించి ఇచ్చేస్తారు. ఇంటికి తిరిగి మోసుకెళ్లలేరు, మర్నాటికి నిలవదు. ఆ వేళ తక్కువకు కొనుక్కోవడంలో తప్పు లేదు. మిగిలిన సరుకు అమ్ముడైతే రైతుకూ మంచిదే. కానీ చివరి బస్సు కోసం గోనె చుట్టుకుంటున్న మనిషి దగ్గర నిలబడి, తగ్గించిన ధరలో మళ్లీ సగానికి అడగడం మాత్రం బేరం అనిపించుకోదు.

కొరత రోజుల్లో ఈ బజార్ల విలువ ప్రభుత్వాలకు బాగా తెలిసొచ్చింది. 2019 చివర్లో ఉల్లి కిలో వంద రూపాయలు దాటినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో రాయితీ మీద 25 రూపాయలకు రైతు బజార్లలోనే అమ్మారు. పొద్దున్నే బారులు తీరిన జనాన్ని మీరు టీవీల్లో చూసే ఉంటారు. 2023 జూలైలో టమాటా మండిపోయినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే కొని, కిలో 50 రూపాయలకు ఇక్కడే ఇచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో రద్దీ తగ్గించడానికి రైతు బజార్లను బడుల ఆవరణల్లోకి, క్రీడామైదానాల్లోకి మార్చారు. రవాణా స్తంభించిన ఆ రోజుల్లో చుట్టుపక్కల పల్లెల కూరే పట్నం కడుపు నింపింది. దూరం నుంచి వచ్చే లారీ ఆగినా, దగ్గరి చేను ఆగదన్న సంగతి అప్పుడు అందరికీ అర్థమైంది.

మరి లోపాలు లేవా? ఉన్నాయి. కొన్ని బజార్లలో నేల ఎప్పుడూ చిత్తడి. కుళ్లిన ఆకు, తొక్కిన టమాటా, మధ్యలో తిరిగే పశువులు. అమ్మేవారికి, ముఖ్యంగా తెల్లవారుజాము నుంచి కూర్చునే ఆడవారికి, శుభ్రమైన మరుగుదొడ్డి, తాగే నీరు అన్నిచోట్లా సరిగా లేవు. మిగిలిన సరుకు దాచుకోవడానికి చల్లటి గది ఉన్న బజార్లు తక్కువ. కార్డు కావాలంటే భూమి కాగితం చూపాలి. మన కూరగాయల సాగులో కౌలుకు చేసేవారు ఎందరో. పట్టా మరొకరి పేర, చెమట మాత్రం వీరిది. అలాంటివారికి ఈ గేటు తేలిగ్గా తెరుచుకోదు. ఊరికి దగ్గర్లో ఉన్న చిన్న రైతుకు ఈ బజారు ఉపయోగపడుతుంది గానీ, వందల క్వింటాళ్ల టమాటా పండే మదనపల్లె వైపు రైతు కష్టాన్ని ఇది తీర్చలేదు. అక్కడికి శీతల గిడ్డంగులు, గుజ్జు తీసే కర్మాగారాలు కావాలి. రైతు బజారు చేయగలిగింది ఎంతో, చేయలేనిది ఎంతో తెలుసుకుని మాట్లాడితేనే దానికి మేలు.

బాగు చేయాల్సింది ప్రభుత్వమే. కార్డులు తరచూ తనిఖీ చేయాలి, కౌలు రైతుకు దారి చూపాలి, రైతులను బజారుకు చేర్చే తెల్లవారుజాము బస్సులు తప్పకుండా నడపాలి. కానీ మనం కొనకపోతే ఇవేవీ నిలవవు. కొనేవారు తగ్గితే ముందు వెళ్లిపోయేది అసలు రైతే. పూటంతా కూర్చున్నా గంప ఖాళీ కాకపోతే అతను మళ్లీ హోల్‌సేలు మార్కెట్ దారి పడతాడు. ఆ ఖాళీ జాగాలో వ్యాపారి కూర్చుంటాడు. బోర్డు అక్కడే ఉంటుంది, పేరూ అదే ఉంటుంది, లోపల రైతు ఉండడు.

అందుకే నా మనవి. వచ్చే ఆదివారం పొద్దున్నే ఒక గుడ్డసంచి, కొంత చిల్లర పట్టుకుని బయల్దేరండి. ఇంట్లో బడికెళ్లే పిల్లలుంటే వెంట తీసుకెళ్లండి. ముందు బోర్డు చదవండి. రెండు మూడు రకాలే పెట్టుకుని కూర్చున్న గంప వెతకండి. ఏ ఊరు, ఏం పండిస్తారు, ఎప్పుడు కోశారు అని అడగండి. బోర్డు ధర ఇచ్చి కొనండి. నచ్చితే మళ్లీ వారం అదే గంప దగ్గరికి వెళ్లండి. నెలకు నాలుగు ఆదివారాలు మీరు అలా కొంటే ఒక రైతు కుటుంబానికి ఒక ఖాయమైన బేరం దొరికినట్టే.